మందుకు లొంగని క్యాన్సర్ కణం ముందే ఉన్నిందా, మందు వల్ల పుట్టిందా? దాని వంశం ఎట్ల తీస్తారు?

హంద్రీ_గట్టు
మాది కర్నూలు. నాయనకు సీఎంఎల్ అనే బ్లడ్ క్యాన్సర్. ఇమాటినిబ్ మాత్రలతో ఇన్నేండ్లు బాగున్నాడు. రోజూ షాపుకు పోయి కూర్చునేవాడు, మూడు నెలలకోసారి జబ్బు కణాలు ఎన్ని మిగిలినాయో చెప్పే బీసీఆర్-ఏబీఎల్ పరీక్ష, అంతే. ఇప్పుడు వరసగా రెండు రిపోర్టుల్లో ఆ అంకె పెరిగింది. మాత్ర పట్టడం లేదేమో, మ్యూటేషన్ (కణం డీఎన్‌ఏలో పడే మార్పు) పరీక్షకు రక్తం పంపుదాం అన్నారు డాక్టరు. పంపినాం.

ఇంట్లో గొడవ ఏందంటే, మా చిన్నాయన వచ్చి "అన్నేసి మాత్రలు మింగితే రోగం ముదరక ఏమైతాది, ఆ మాత్రలే దాన్ని మొండిగా చేసినాయి" అని ఒక మాట అని పోయినాడు. అప్పటినుంచి నాయన అన్నం సరిగ్గా తినడంలే. తనే ఏదో తప్పు చేసినట్టు కూర్చుంటాడు.

ఆ మొండి కణం మాత్రలు మొదలుపెట్టకముందే ఒంట్లో ఉన్నిందా, మాత్రల వల్లే పుట్టిందా? కణాలకు కూడా వంశం తీసే పద్ధతులు ఉన్నాయని యాడో చదివినా. జరిగిపోయినదాన్ని ఇప్పుడు ఎట్ల తెలుసుకుంటారు? కంటికే కనపడని కణం, దాని తాత ముత్తాతలు ఎవరో ఎట్ల చెప్తారు? తెలిసినోళ్లు కొంచెం విడమరిచి చెప్పండి.

రాగిసంగటి
ముందు నాయనకు ధైర్యం చెప్పన్నా. డాక్టర్ చెప్పకుండా మాత్ర మాత్రం ఆపొద్దు. మిగతాది ఇక్కడ తెలిసినోళ్లు చెప్తారు, నేనూ చదువుతా.

గుత్తి_కోట
మీ చిన్నాయన మాటలో న్యాయముందప్పా. ఏ మందైనా ఏండ్ల తరబడి వాడితే ఒంటికి అలవాటైపోతాది. దీనికి వంశం తీయడమెందుకు?

గండికోట_గాలి
కాదన్నా. అలవాటు పడడం వేరు, ముందే ఉన్న ఒకటి మిగిలి పెరగడం వేరు. ఈ రెండింటినీ విడదీసి చూపించిన ప్రయోగం 1943లోనే జరిగింది. (మాది జమ్మలమడుగు దగ్గర. బెంగళూరులో క్యాన్సర్ ల్యాబులో పనిచేస్తాండా.)

లూరియా, డెల్‌బ్రూక్ అని ఇద్దరు. బ్యాక్టీరియాను చాలా ట్యూబుల్లో విడివిడిగా పెంచినారు. తర్వాత ఒక్కో ట్యూబును ఒక్కో ప్లేటు మీద పోసి, బ్యాక్టీరియాను చంపే వైరస్ తగిలించినారు. వైరస్ తగిలినాక బ్యాక్టీరియా మొండిబారేదే నిజమైతే అన్ని ప్లేట్లలోనూ దాదాపు ఒకే లెక్కలో బతకాల. అట్ల కాలేదు. చాలా ప్లేట్లలో సున్నా, లేకుంటే ఒకటో రెండో. ఏదో ఒకట్రెండు ప్లేట్లలో మాత్రం కుప్పలు కుప్పలు. అంటే ఆ ట్యూబులో వైరస్ రాకముందే, పెంపకం మొదట్లోనే, ఒక కణం మారింది. దాని సంతతంతా మొండిదే అయింది. ఒక్క కణాన్ని కూడా కంటితో చూడకుండా, ఉత్త లెక్కతో వంశం తీసినారు. 1969లో హెర్షీతో కలిపి వాళ్లకు నోబెల్ వచ్చింది.

హంద్రీ_గట్టు అన్నా, సీఎంఎల్ విషయానికొస్తే: కొంతమంది రోగుల్లో చికిత్సకు ముందు తీసి దాచిన రక్తాన్ని మళ్లీ పరీక్షించినప్పుడు, తర్వాత మందును ఎదిరించిన అదే మ్యూటేషన్ అప్పటికే అతి తక్కువ పాళ్లలో కనపడింది. రోగం బయటపడే నాటికి ఒంట్లో సుమారు లక్ష కోట్ల జబ్బు కణాలు ఉంటాయి. అన్ని కణాలు విభజన చెందుతూ పోతే, ఎక్కడో ఒకదాంట్లో తప్పు పడకుండా ఉండదు. మాత్ర దాన్ని పుట్టించలేదు. పక్కనున్నవాటిని చంపి దానికి చోటిచ్చింది, అంతే.

బుగ్గవంక
నేను కడపలో స్కూల్ టీచర్‌ను. బ్యాక్టీరియా సంగతి అర్థమైంది. కానీ మనిషి ఒంట్లో ట్యూబులు ట్యూబులుగా విడదీయలేం కదా. ఫలానా కణం ఫలానా కణానికి పుట్టింది అని చెప్పాలంటే దాని మీద ఏదో ఒక గుర్తు ఉండాల. ఆ గుర్తు ఎవరు పెడతారు, ఎట్ల పెడతారు?

సీమ_శెనక్కాయ
గుర్తు అంటే నాకు తెలుసు సార్ 😀 మాది కళ్యాణదుర్గం పక్క. మా మామోళ్లకు గొర్రెలు ఉండాయి. నాలుగు మందలు ఒకే బీట్లో మేస్తాయి. అందుకని మావాటికి వీపు మీద ఎర్ర రంగు, పక్కోళ్లవి నీలం. వానలు పడితే, బొచ్చు కత్తిరిస్తే రంగు పోతాది. అందుకే చెవి కూడా కొంచెం కోస్తారు. కణాలకూ ఇట్లనే రంగేస్తారా?

గండికోట_గాలి
@సీమ_శెనక్కాయ భలే చెప్పినావ్. మొదట్లో చేసిందే అది. 1929లో వాల్టర్ ఫోగ్ట్ పిండాల మీద రంగు చుక్కలు పెట్టి ఏ చోటి కణాలు ఏ అవయవం అయితాయో చూసినాడు. కానీ కణం రెండైనప్పుడల్లా రంగు సగం సగం పంచుకుంటాది. పది విభజనలకు వెయ్యో వంతు మిగుల్తాది, ఇంగ కనపడదు. క్యాన్సర్ అంటేనే ఆగకుండా విభజన, కాబట్టి అక్కడ పూసిన రంగు పనికిరాదు.

చెవి కోయడంలో ఇంకో చిక్కు. తల్లికి చెవి కోసినావని పుట్టే పిల్ల తెగిన చెవితో పుట్టదు. మాకు కావాల్సింది పిల్లకు, పిల్ల పిల్లకు దానంతటదే దిగే గుర్తు. అట్లాంటిది డీఎన్‌ఏలో పెట్టేదొక్కటే. 1980లలో రెట్రోవైరస్‌తో మొదలైంది. ఆ వైరస్ కణం డీఎన్‌ఏలో ఎక్కడో ఒకచోట దూరి కూర్చుంటాది. ఆ చోటు ఒక్కో కణానికి ఒక్కోటి. సంతతి అంతటికీ అదే చోట ఉంటాది. రక్త మూలకణాల (రక్త కణాలన్నిటినీ పుట్టించే తల్లి కణాలు) వంశాలు మొదట అట్ల తీసినారు.

తర్వాత వచ్చింది క్రె-లాక్స్. ఎలుకలో ఒక మెరిసే ప్రోటీన్ జన్యువు పెడతారు, దాని ముందర ఆపేసే ముక్క ఒకటి. క్రె అనే ఎంజైము వచ్చి ఆ ముక్కను కత్తిరిస్తే రంగు వెలుగుతాది, ఆ కణం సంతతంతా పుట్టుకతోనే అదే రంగు. క్రె ఎప్పుడు పనిచేయాలో మనం నిర్ణయించేదానికి టమాక్సిఫెన్ ఇస్తారు. అది ఇచ్చేంతవరకు క్రె కేంద్రకం బయటే ఆగిపోతాది.

రాగిసంగటి
టమాక్సిఫెన్? మా అత్తకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత రోజూ వేసుకోమని రాసిచ్చిన మాత్ర పేరు అదే!

గండికోట_గాలి
అదే మందు. ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌కు అతుక్కుంటాది. మీ అత్తకు ఈస్ట్రోజెన్‌ను అడ్డుకునేదానికి ఇస్తారు. ఎలుకలో ఆ రిసెప్టర్‌ను కొంచెం మార్చి క్రెకు అంటించినారు, కాబట్టి అక్కడది స్విచ్చు మాదిరి పనిచేస్తాది. మీ అత్తను ఏండ్ల లెక్క పూర్తయ్యేదాకా మానకుండా వేసుకోమని చెప్పు.

చిత్రావతి
నేను అనంతపురంలో ఎమ్మెస్సీ చేస్తున్నా. ఈ టాపిక్ మీదే సెమినార్ ఇచ్చా కాబట్టి కొంచెం కలుపుతా.

పేగు లోపలి పొర కొన్ని రోజులకే మొత్తం కొత్తగా మారిపోతుంది. దాన్ని పుట్టించే మూలకణాలను ఎల్‌జీఆర్5 అనే గుర్తుతో 2007లో నెదర్లాండ్స్‌లో హాన్స్ క్లెవర్స్ బృందం పట్టుకుంది. 2009లో అదే బృందం, గడ్డలు రాకుండా ఆపే ఏపీసీ అనే జన్యువును ఆ మూలకణాల్లో తీసేస్తే గడ్డలు వస్తున్నాయి, పైనున్న ముదిరిన కణాల్లో తీసేస్తే అంతగా పెరగడం లేదని చూపించింది. అంటే గడ్డ ఎవరి సంతానమో తేలింది. ఆ తర్వాత నాలుగు రంగుల కాన్ఫెట్టీ ఎలుక వచ్చింది. ఒక్కో కణం నాలుగింటిలో ఏదో ఒక రంగు తీసుకుంటుంది.

హంద్రీ_గట్టు గారి ప్రశ్నకు దగ్గరగా ఉన్నది 2012లో వచ్చిన మూడు పరిశోధనలు. పేగు గడ్డ, చర్మం గడ్డ, మెదడు గడ్డ, మూడూ ఎలుకల్లోనే. మెదడు గడ్డకు టెమోజోలమైడ్ అనే మందు ఇచ్చినప్పుడు వేగంగా పెరిగే కణాలు చచ్చాయి. గడ్డ మళ్లీ పెరిగింది. మళ్లీ పెరిగినవాటి వంశం చూస్తే, మందు ఇచ్చేటప్పుడు విభజన చెందకుండా గమ్మున ఉన్న కొద్ది కణాల నుంచి వచ్చాయి. మ్యూటేషన్ వల్ల కాదు, నిద్రపోతూ ఉండడం వల్ల తప్పించుకున్నాయి.

గుత్తి_కోట
అన్నీ ఎలుకలే. మా నాయనకో మీ నాయనకో క్రె పెట్టి రంగు వెలిగించరు కదా. ఇంకోటి, నాలుగే రంగులంటాండారు, గడ్డలో కోట్ల కణాలు. పక్కపక్కనే రెండు కణాలు ఎర్రగా ఉంటే అవి అన్నదమ్ములా, వేరే ఇంటివా? రంగు ఒకటే అయినంత మాత్రాన ఒకే మంద అని ఎట్ల అంటారు?

సీమ_శెనక్కాయ
ఆ మాట కరెక్టే. పోయినేడాది పక్కూరోళ్లు కూడా ఎర్ర రంగే వేసినారు, సంతలో పెద్ద పంచాయతీ 😂

గండికోట_గాలి
@గుత్తి_కోట రెండో ప్రశ్న మా ల్యాబులో కూడా రోజూ అడిగేదే. రంగులు చాలవు. అందుకే బార్‌కోడ్లు వచ్చినాయి. ఏ, టీ, జీ, సీ అక్షరాలను 30 దాకా అడ్డదిడ్డంగా కూర్చిన చిన్న డీఎన్‌ఏ ముక్కలు తయారుచేసి, లెంటీవైరస్‌తో ఒక్కో కణంలో ఒక్కోటి పడేటట్టు ఎక్కిస్తారు. కోట్ల రకాలు చేయొచ్చు కాబట్టి రెండు కణాలకు ఒకటే పడే అవకాశం దాదాపు ఉండదు. సీక్వెన్సింగ్ చేసి (అంటే డీఎన్‌ఏ అక్షరాలు చదివి) లెక్కపెడితే ఏ వంశం ఎంత పెరిగిందో తెలుస్తాది.

2015లో దీంతో సరిగ్గా ఈ దారం మొదటి ప్రశ్ననే అడిగినారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాలకు బార్‌కోడ్లు ఎక్కించి, కొంచెం పెంచి, వేరువేరు గిన్నెలకు పంచి, అన్నిటికీ ఎర్లోటినిబ్ అనే మందు పోసినారు. మొండితనం మందు పోసినాకే కొత్తగా పుట్టేదైతే ఒక్కో గిన్నెలో ఒక్కో బార్‌కోడ్ మిగలాల. ముందే ఉన్నదైతే అన్ని గిన్నెల్లోనూ అవే బార్‌కోడ్లు మిగలాల. ఎక్కువ భాగం అవే మిగిలినాయి. 1943 నాటి ఆలోచనే, పనిముట్టు కొత్తది. అదే పరిశోధనలో సీఎంఎల్ కణాల మీద కూడా చూసినారు. ఏబీఎల్ ప్రోటీన్‌ను (సీఎంఎల్‌ను నడిపేది అదే) వేరువేరు చోట్ల పట్టుకునే రెండు మందులు కలిపితే మొండి వంశాల్లో చాలావరకు అణిగిపోయినాయి. ఇది గిన్నెలో సంగతి, ఎవరూ సొంతంగా రెండు మాత్రలు కలపొద్దు.

కానీ ఇంతటితో "ముందే ఉన్నింది" అని తీర్పు చెప్పేస్తే అబద్ధమైతాది. 2016లో ఇంకో బృందం ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాల్లోనే రెండు దారులూ చూసింది. కొన్ని వంశాల్లో మ్యూటేషన్ ముందే ఉండింది. కొన్నిట్లో మందును ఓర్చుకుని బతికిన కణాల్లో, మందు ఉన్న రోజుల్లోనే, ఆలస్యంగా వచ్చింది. రెండోరకం పెరిగేదానికి ఎక్కువ కాలం పట్టింది.

హంద్రీ_గట్టు
అంటే చిన్నాయన మాట సగం నిజమా?

గండికోట_గాలి
కాదు. రెండోరకంలో కూడా మ్యూటేషన్‌ను చేసింది మందు అని అర్థం కాదు. కణం బతికుంది, విభజన చెందింది, తప్పు పడింది. మందు లేకుంటే ఇంకా వేగంగా విభజన చెంది ఇంకా ఎక్కువ తప్పులు పడుండేవి. మాత్ర వేసుకున్నన్ని రోజులూ మీ నాయన ఆ తప్పుల సంఖ్యను తగ్గించినాడు. ఇది ఆయనకు ఇట్లనే చెప్పు.

గాజుపలక
కర్నూలులో పాథాలజిస్టుని. మనుషుల్లో ఎలా అన్న గుత్తి_కోట గారి మొదటి ప్రశ్న అలాగే మిగిలిపోయింది.

మనిషికి గుర్తు పెట్టలేం, కానీ ప్రకృతి పెట్టిన గుర్తులు చదవగలం. ఆడవారికి రెండు ఎక్స్ క్రోమోజోములు. పిండంగా ఉన్నప్పుడే ప్రతి కణంలో ఒకటి మూతబడుతుంది, ఏది మూతబడిందో దాని సంతతిలో కూడా అదే మూసి ఉంటుంది. మేరీ లియోన్ 1961లో చెప్పిన సంగతి ఇది. కొందరు స్త్రీలకు జీ6పీడీ ఎంజైము ఒక ఎక్స్ మీద ఒక రకం, రెండో దాని మీద ఇంకో రకం ఉంటుంది. వాళ్ల చర్మం ముక్క తీసుకుంటే రెండు రకాలూ కలిసి కనిపిస్తాయి. 1965లో గర్భసంచి ఫైబ్రాయిడ్లను ఇలా చూస్తే ఒక్కో గడ్డలో ఒక్క రకమే ఉంది. అంటే గడ్డ మొత్తం ఒకే కణం సంతానం. 1967లో ఫియాల్కో బృందం ఇదే పరీక్ష సీఎంఎల్ ఉన్న స్త్రీలకు చేసింది. చర్మంలో రెండు రకాలు, జబ్బు పడ్డ తెల్లకణాల్లో ఒకటే రకం. ఎర్రకణాల్లో కూడా ఆ ఒక్కటే. తెల్లవీ ఎర్రవీ రెండూ ఒకే చెడిపోయిన మూలకణం బిడ్డలని అప్పుడే తెలిసింది. అప్పటికి డీఎన్‌ఏ చదివే యంత్రాలే లేవు. నాకు ఈ రంగంలో ఇప్పటికీ అన్నిటికంటే అందంగా అనిపించే పని ఇదే.

హంద్రీ_గట్టు గారూ, ఇంకో మాట. మీ నాన్నగారి రిపోర్టులో ఉండే బీసీఆర్-ఏబీఎల్ కూడా వంశపు గుర్తే. 1960లో నోవెల్, హంగర్‌ఫర్డ్ సీఎంఎల్ కణాల్లో ఒక పొట్టి క్రోమోజోము చూశారు, వాళ్ల ఊరి పేరుతో ఫిలడెల్ఫియా క్రోమోజోము అయింది. 9, 22 క్రోమోజోముల ముక్కలు అటూ ఇటూ మారడం వల్ల అలా వస్తుందని జానెట్ రౌలీ 1973లో తేల్చారు. ఏదో ఒక రోజు ఒక కణంలో జరిగిన ఆ మార్పు దాని ప్రతి బిడ్డకూ దిగింది. మూడు నెలలకోసారి పీసీఆర్‌తో మీరు చేయిస్తున్నది ఆ వంశంలో ఎంతమంది మిగిలారో లెక్క. లక్షలో ఒకటి ఉన్నా పట్టే పరీక్ష. మరో రంగంలో పరిశోధనగా ఉన్నది మీ జబ్బులో రోజువారీ వైద్యం.

అంకె 0.1 శాతం లోపు ఉంటే మంచి స్పందన. ఒకసారి కొంచెం పెరిగితే కంగారు పడం, వరసగా పెరిగితే చూస్తాం. వీలైతే ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించండి. డోసులు తప్పాయా అని డాక్టరు అడిగితే నాన్నగారిని నిజం చెప్పమనండి, అది తిట్టడానికి కాదు. అంకె పెరగడానికి మ్యూటేషన్ కంటే ముందు చూసే కారణం అది.

హంద్రీ_గట్టు
మేడమ్, ఇది నాయనకు చదివి వినిపించినా. "అయితే నేను చేసిందేమీ లేదా" అని రెండుసార్లు అడిగినాడు. డోసులు మాత్రం పోయిన వేసవిలో కొన్ని తప్పినాయంట, వాంతి వస్తుందని. డాక్టర్‌కు చెప్తాం. రిపోర్టు ఇంకా రాలేదు.

రాగిసంగటి
వాంతికి అన్నం తిన్నాక పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకోమంటారు అన్నా. డాక్టర్‌ను అడుగు, దానికీ మాత్ర ఇస్తారు.

జీవాల_డాక్టర్
ప్రొద్దుటూరు దగ్గర పశువైద్యుణ్ణి. వంశం అన్నారు కాబట్టి నా దగ్గరకు వచ్చే ఒక క్యాన్సర్ గురించి చెప్పాల. ఊరకుక్కలకు జననాంగాల దగ్గర కాలీఫ్లవర్ లాంటి గడ్డ, రక్తం కారుతా ఉంటాది. మీరందరూ వీధుల్లో చూసే ఉంటారు. దాన్ని టీవీటీ అంటాం. కుక్కనుంచి కుక్కకు జత కట్టినప్పుడు అంటుకుంటాది. వైరస్ కాదు, బ్యాక్టీరియా కాదు. క్యాన్సర్ కణమే ఒక కుక్కనుంచి ఇంకో కుక్కలోకి పోయి పెరుగుతాది.

ఇది ఎట్ల తేలిందంటే, 2006లో వేరువేరు దేశాల కుక్కల గడ్డలు తీసుకుని డీఎన్‌ఏ చూసినారు. గడ్డ డీఎన్‌ఏ ఆ కుక్క డీఎన్‌ఏతో కలవలేదు. గడ్డలన్నీ మాత్రం ఒకదానితో ఒకటి కలిసినాయి. కుక్క కణంలో 78 క్రోమోజోములు, ఈ గడ్డ కణంలో 60కి అటూ ఇటూ. మైక్ అనే జన్యువు పక్కన ఒక అదనపు ముక్క దూరి ఉంటాది, ప్రపంచంలో ఏ టీవీటీలో చూసినా అదే చోట. తర్వాత వందల గడ్డల మ్యూటేషన్లు లెక్కగట్టి 2019లో చెప్పినారు, ఇవన్నీ కొన్ని వేల ఏండ్ల కిందట ఆసియాలో బతికిన ఒక్క కుక్క కణాల సంతానమని. ఆ కుక్క ఎప్పుడో చచ్చిపోయింది, దాని కణాలు ఇప్పుడు మన బస్టాండులో తిరుగుతాండాయి.

మందు కూడా ఉంది. వారానికొకసారి విన్‌క్రిస్టీన్, చాలా కుక్కలకు పూర్తిగా తగ్గిపోతాది. విన్‌క్రిస్టీన్ వచ్చేది బిళ్ళగన్నేరు మొక్కనుంచి. కాంపౌండు గోడ పక్కన పూసేదే.

బుగ్గవంక
డాక్టర్ గారూ, పిల్లలు వీధికుక్కలతో ఆడతారు. మనుషులకు అంటుతుందా? రేపు క్లాసులో అడిగితే ఏం చెప్పాల?

జీవాల_డాక్టర్
అంటదు సార్. మనిషి ఒళ్లు కుక్క కణాన్ని పరాయిదని పట్టేస్తాది. మనుషుల క్యాన్సర్ కూడా రోగిని ముట్టుకుంటే, పక్కన కూర్చుంటే, ఒక కంచంలో తింటే రాదు. పిల్లలకు ఇది గట్టిగా చెప్పండి, మన పల్లెల్లో ఇంకా రోగికి గ్లాసు వేరే పెట్టే ఇండ్లు ఉన్నాయి. కుక్కతో జాగ్రత్త అంటే కాటుకు, రేబిస్‌కు.

గండికోట_గాలి
టీవీటీ గురించి పుస్తకంలో చదివినోణ్ణే, చూసినోళ్ల మాట వినడం బాగుంది. మనుషుల్లో కొత్తగా వాడుతున్న ఇంకో సహజమైన గుర్తు మైటోకాండ్రియా డీఎన్‌ఏ. 16,569 అక్షరాలే, ప్రతి కణంలో వందల వేల కాపీలు ఉంటాయి కాబట్టి చదవడం సులువు, మార్పులు కూడా తొందరగా పడతాయి. 2019 నుంచి ఒక్కో కణం విడిగా చదివి, ఈ మార్పులతో రక్త కణాల వంశాలు తీస్తాండారు. రోగికి ఏమీ ఎక్కించే పని లేదు.

జీవాల_డాక్టర్
అక్కడే నాకొక అభ్యంతరం. టీవీటీలో మైటోకాండ్రియా గుర్తును నమ్మితే తప్పుదారి పడతాం. ఆ గడ్డ కణాలు తాము పెరిగే కుక్క కణాలనుంచి మైటోకాండ్రియాను పదే పదే లాక్కున్నాయి. కేంద్రకం డీఎన్‌ఏ ఒక చరిత్ర చెప్తాది, మైటోకాండ్రియా ఇంకో చరిత్ర చెప్తాది.

గండికోట_గాలి
ఒప్పుకుంటా సార్. ఒక మనిషి ఒంట్లో కూడా కణాలు ఒకదానికొకటి మైటోకాండ్రియా ఇచ్చుకోవడం ల్యాబుల్లో చూసినారు. అందుకే దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకుండా కేంద్రకం మ్యూటేషన్లతో సరిచూడాల.

గుత్తి_కోట
ఇప్పుడు దారికొచ్చినారు. ప్రతి పద్ధతికీ ఒక బొక్క ఉంది. మరి క్రిస్పర్ అని ఊదరగొడతాండారే, దాంట్లో ఏముంది?

చిత్రావతి
బార్‌కోడ్ ఒకసారి పడితే అంతే, మారదు. ఒక వంశం అని తెలుస్తుంది గానీ ఆ వంశం లోపల ఎవరు ఎవరి బిడ్డో తెలియదు. క్రిస్పర్ అంటే డీఎన్‌ఏను కోరిన చోట కోసే పనిముట్టు, దాంతో గుర్తు తరతరానికీ పెరుగుతూ పోతుంది. డీఎన్‌ఏలో ఒక ఖాళీ పలక లాంటి చోటు పెట్టి, కణం పెరిగేకొద్దీ దాన్ని కొంచెం కొంచెం కోస్తూ పోతారు. ఏ కోతలు ఇద్దరిలోనూ ఉన్నాయో, ఏవి ఒకరిలోనే ఉన్నాయో చూసి కొమ్మలు గీస్తారు. 2016లో మొదట జీబ్రాఫిష్‌లో చేశారు. 2021లో ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాలను ఇలా గుర్తుపెట్టి ఎలుకలో పెట్టారు. కొన్ని వంశాలు దాదాపు కదలలేదు, కొన్ని మాటిమాటికీ వేరే అవయవాలకు పాకాయి, ఆ గుణం బిడ్డలకు కూడా దిగింది.

బొక్క లేదా అంటే ఉంది. సంబంధం లేని రెండు కణాల్లో ఒకే కోత పడొచ్చు. ఒక్కోసారి పెద్ద ముక్క ఎగిరిపోయి పాత గుర్తులన్నీ చెరిగిపోతాయి. గీసిన చెట్టు కంప్యూటర్ అంచనా, కళ్లతో చూసింది కాదు.

గాజుపలక
గడ్డల్లో ఇంకో ఇబ్బంది. రక్తం ఎక్కడ గుచ్చినా రక్తమే. గడ్డ అలా కాదు. 2012లో లండన్ బృందం ఒకే కిడ్నీ క్యాన్సర్ నుంచి చాలా చోట్ల ముక్కలు తీసి చూస్తే మూడింట రెండొంతుల మ్యూటేషన్లు అన్ని ముక్కల్లోనూ లేవు. అన్నిట్లో ఉన్నవి మొదట పుట్టినవి, కొన్నిట్లోనే ఉన్నవి తర్వాత చీలిన కొమ్మలు. ఊపిరితిత్తుల క్యాన్సర్ మీద ట్రేసర్‌ఎక్స్ అనే పెద్ద అధ్యయనం అలాగే నడిచింది, మొదటి 100 మంది ఫలితాలు 2017లో వచ్చాయి.

ఇక్కడ మా దగ్గరకు వచ్చేది ఒక్క ముక్క. అది కూడా ఒక్కోసారి చిన్న సీసాలో కుక్కి, చాలీచాలని ఫార్మలిన్‌లో (ముక్క చెడిపోకుండా ఉంచే ద్రవం), అదీ బఫర్ లేనిది. బయట నుంచి వచ్చే శాంపిళ్లు ఇలా చూసినప్పుడు నాకు కడుపు రగిలిపోతుంది. సరిగా నిల్వ చేయని ముక్కలో డీఎన్‌ఏ తునకలైపోతుంది, సీ ఉన్న చోట టీ అని చదువుతుంది. లేని మ్యూటేషన్ ఉన్నట్టు కనిపిస్తుంది. నర్సింగ్ హోముల్లో పనిచేసేవాళ్లు ఎవరైనా చదువుతుంటే: ముక్కకు కనీసం పదింతల బఫర్డ్ ఫార్మలిన్, వెడల్పు మూతి సీసా, ముక్క తీసిన టైము చీటీ మీద. కోట్ల రూపాయల యంత్రం కంటే ముందు కావలసింది ఇది.

రాగిసంగటి
మేడమ్, ఈ పోస్టు ప్రింటు తీసి మా బావమరిది పనిచేసే ఆపరేషన్ థియేటర్లో అంటిస్తా. నిజంగా.

బుగ్గవంక
ఇంకొకటి. మొదటి తప్పు ఎన్నేండ్ల ముందు పడుంటాదో కూడా తెలుస్తుందా?

గండికోట_గాలి
కొన్నిట్లో తెలిసింది సార్. పిల్లల్లో వచ్చే ఒక రకం లుకేమియాలో, పుట్టినప్పుడు మడమ గుచ్చి కాగితం మీద ఆరబెట్టి దాచిన రక్తపు చుక్కలను ఏండ్ల తర్వాత వెతికి తీస్తే, జబ్బు కణాల్లో ఉన్న అదే జన్యు అతుకు (రెండు జన్యువులు ఒకటిగా అతుక్కోవడం) అప్పటికే ఉండింది. మెల్ గ్రీవ్స్ బృందం 1990ల చివర్లో చేసిన పని. అంటే తల్లి కడుపులోనే మొదలైంది. అట్లని ఆ అతుకుతో పుట్టిన పిల్లలందరికీ జబ్బు రాదు, చాలామందికి రాదు. పెద్దల్లో జాక్2 అనే జన్యువులో మ్యూటేషన్‌తో వచ్చే రక్తపు జబ్బుల్లో 2022లో వంశవృక్షం గీసి చూస్తే మొదటి తప్పు దశాబ్దాల ముందు, కొందరిలో పుట్టకముందే పడింది.

సీమ_శెనక్కాయ
మా అత్త బిడ్డకు లుకేమియా వచ్చినప్పుడు ఊర్లో అందరూ ఆ తల్లిని అన్నారు, కడుపుతో ఉన్నప్పుడు అది తినింది ఇది తినింది అని. పాప ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఆ మాటలు అన్నోళ్లకు ఇది చూపించాల.

హంద్రీ_గట్టు
రిపోర్టు వచ్చింది. మ్యూటేషన్ ఒకటి ఉందంట, టీ315ఐ కాదంట. వేరే మాత్రకు మార్చినారు. టీ315ఐ అంటే ఏంది, ఎందుకు అందరూ దాన్నే అడుగుతారు?

గాజుపలక
ఇమాటినిబ్‌తో పాటు దాని తర్వాత వచ్చిన డాసాటినిబ్, నిలోటినిబ్‌కు కూడా లొంగని మ్యూటేషన్ అది. దానికి పోనాటినిబ్, అసిమినిబ్ లాంటివి కావాలి. మీకు అది కాదు కాబట్టి దారులు ఎక్కువ. మూడు నెలలకు మళ్లీ అంకె చూడండి.

చిత్రావతి
ఇదంతా చదువుతుంటే నాకూ ఏదైనా చేయాలని ఉంది. మా దగ్గర ఎలుకలు లేవు, సీక్వెన్సర్ లేదు. ప్రాజెక్టుకు ఏం చేయగలను? రివ్యూ రాసి పెట్టు చాలు అంటున్నారు.

గండికోట_గాలి
రివ్యూ వద్దు. రెండు పనులు చెప్తా. ఒకటి, ఎలుకల మీద, కణాల మీద చేసిన ఇట్లాంటి ప్రయోగాల డేటా చాలావరకు జియో (GEO) అనే జన్యు సమాచారపు డేటాబేసులో ఉచితంగా ఉంది. మామూలు ల్యాప్‌టాప్‌తో బార్‌కోడ్లు లెక్కపెట్టి చెట్టు గీయడం నేర్చుకోవచ్చు. రెండోది నాకు ఇంకా ఇష్టం: 1943 ప్రయోగం నీ చేతులతో చెయ్. రిఫాంపిసిన్ (బ్యాక్టీరియాను చంపే మందు) కలిపిన ప్లేట్లు, జబ్బు చేయని ఈ. కోలై బ్యాక్టీరియా, ట్యూబులు. అంతకంటే ఏమీ అక్కర్లేదు.

గుత్తి_కోట
పాపా, చేస్తే ఫలితం ఇక్కడ పెట్టు. అన్ని ప్లేట్లలో సమానంగా వస్తే నేను చెప్పిందే గెలిచినట్టు. నేను చూస్తా ఉంటా.

చిత్రావతి
తప్పకుండా పెడతా సార్ 😊 ఎన్ని ట్యూబులు, ఎంత పెంచాలి?

గండికోట_గాలి
20 ట్యూబులు పెట్టు. ఒక్కోదాంట్లో 0.2 మిల్లీలీటర్ల మీడియా (బ్యాక్టీరియా పెరిగే ద్రవం) చాలు, వెయ్యి లోపు కణాలతో మొదలుపెట్టు. ఎక్కువతో మొదలుపెడితే మొండివి ముందే వచ్చి చేరతాయి, లెక్క చెడిపోతాది. రాత్రంతా పెంచి, ఒక్కో ట్యూబు మొత్తం ఒక్కో రిఫాంపిసిన్ ప్లేటు మీద పొయ్. పక్కన ఒక పెద్ద ఫ్లాస్కులో కూడా పెంచి, దాంట్లోంచి 0.2 చొప్పున 10 ప్లేట్లు వెయ్. ఫ్లాస్కువి దాదాపు ఒకే అంకె చుట్టూ రావాల, ట్యూబులవి ఎగుడుదిగుడుగా రావాల. ఆ తేడానే నీ ప్రాజెక్టు.

గాజుపలక
ప్లేట్లు పారేసే ముందు ఆటోక్లేవ్ (ఒత్తిడి మీద వేడి ఆవిరితో క్రిములను చంపడం) తప్పనిసరి. రిఫాంపిసిన్ టీబీ మందు, మందుకు లొంగని బ్యాక్టీరియాను మురుగులో కలపొద్దు. మూలకణాల సంఖ్య కోసం మందు లేని ప్లేట్ల మీద పలుచన చేసి ఒకట్రెండు ట్యూబులు లెక్కపెట్టడం మర్చిపోకు.

చిత్రావతి
మేడమ్, అక్కడ మూలకణాలంటే ట్యూబులో మొత్తం కణాలనే కదా? ఆ అంకెతో మ్యూటేషన్ రేటు ఎలా వస్తుంది?

గాజుపలక
అవును, మొత్తం కణాలే.

గండికోట_గాలి
ఒక్క కాలనీ కూడా రాని ప్లేట్లు ఎన్నో చూడు. 20లో 5 ఖాళీగా ఉంటే 0.25. దాని సహజ సంవర్గమానం తీసి గుర్తు తిప్పితే 1.39, అంటే సగటున ఒక్కో ట్యూబులో అన్ని మ్యూటేషన్లు జరిగినాయి. ట్యూబులో మొత్తం 20 కోట్ల కణాలు ఉంటే, 14 కోట్ల కణాలకు ఒక మ్యూటేషన్. ఖాళీ ప్లేట్లు ఒక్కటీ రాకపోతే ట్యూబులో మీడియా తగ్గించి మళ్లీ చెయ్, అన్నీ ఖాళీగా వస్తే పెంచు.